పక్కకు నమిలే పురుగు

బడిలో అందరూ ఆవిడను బొమ్మల టీచరమ్మ అంటారు. ఇరవై ఆరేళ్లుగా సైన్సు చెబుతూ, కప్ప గుండెనూ గొంగళిపురుగు నోటినీ రంగు సుద్దలతో బోర్డు మీద అచ్చు గుద్దినట్టు గీస్తోంది. వాటిని తుడవడానికి పిల్లలకు చేతులు రావు.

ఈ ఏడు పక్క తరగతికి వచ్చిన కొత్త టీచరు, గోడ మీద పాకుతున్న నాలుగు గొంగళిపురుగులను పట్టి సీసాలో పెట్టింది. అంతే, పిల్లలంతా బెల్లం చుట్టూ ఈగల్లా అక్కడే. బొమ్మల టీచరమ్మకు కన్ను కుట్టింది. నా బొమ్మల కంటే ఆ పురుగులు ఎక్కువైపోయాయా అని లోలోపల రుసరుసలాడింది.

మర్నాడు కొత్త టీచరు దిగులుగా వచ్చింది. "అక్కా, క్యాబేజీ ఆకు వేస్తే ముట్టడం లేదు. ఎందుకంటారు?"

అవి నిమ్మాకు తప్ప తినని రకమని ఆవిడకు చూడగానే తెలిసింది. అయినా, "ఏమోనమ్మా, నాకు బొమ్మలేగా వచ్చు" అంది.

అన్నంతసేపూ హాయిగానే ఉంది. మధ్యాహ్నం మాత్రం అన్నం డబ్బా సగంలోనే మూసేసింది. లేచి వెళ్లి బడి వెనక చెట్టు నుంచి నిమ్మాకులు తుంచుకొచ్చి, సీసాలో వేసి, వంగి చూసింది.

పురుగు ఆవురావురుమంటూ తింటోంది. దాని దవడలు కత్తెరలా పక్కల నుంచి కలుసుకుంటున్నాయి. ఇన్నేళ్లూ ఆవిడ గీసింది మనిషికున్నట్టు పై దవడ, కింది దవడ.

పక్కన నిలబడ్డ ఏడేళ్ల పిల్ల, "టీచర్, ఇది పక్కకు నములుతోంది" అంది.

ఒక్క చూపులోనే అది కనిపెట్టేసిన ఆ పిల్లను చూసి ఆవిడ కడుపు మండినంతగా, కొత్త టీచరును చూసి కూడా ఎన్నడూ మండలేదు.