కారు నాది, పేరు పరాయివాడిది

నా చేతులతో బాగుచేసిన కారు ముందు ఎవరో విజయవాడ మెకానిక్ పేరు రాసి బోర్డు పెట్టారు. పోయిన ఏడాది తాడేపల్లిలో జరిగిన పాత కార్ల ప్రదర్శనలో సంగతిది.

నేను ఐదో తరగతితో బడి మానేసిన మిరప రైతును. పొలంలో ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించడమే నా చదువు. తుప్పుపట్టిన ఆ జపాను స్పోర్ట్స్ కారును ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకుని, ఆరేళ్ళు కష్టపడి నడిపించాను.

అది నా పనేనంటూ ప్రదర్శన న్యాయనిర్ణేతను నిలదీశాను.

"రెండు కార్బురేటర్లు ఇంత సమంగా కుదర్చడం ఇంట్లో అయ్యే పని కాదు పెద్దాయనా" అని నవ్వాడాయన.

నాకు ఒళ్ళు మండింది. "అయితే మీరే చెడగొట్టండి. మీ ఎదుటే కుదురుస్తా!"

ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే ఆ కార్బురేటర్ల స్క్రూలు ఆయన తిప్పేశాడు. ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. చేలో మందు కొట్టే స్ప్రేయరుకు వేసే రబ్బరు గొట్టం ముక్క తీసి, ఒక కొస చెవిలో, రెండో కొస ఒక్కో కార్బురేటరు మూతి దగ్గర మార్చి మార్చి పెట్టాను.

"ఒరేయ్, తాత కారుకి గుండె పరీక్ష చేస్తున్నాడ్రా!" అని జనంలో ఎవడో అరిచాడు. నేను స్క్రూలు కొంచెం కొంచెంగా తిప్పుతూనే ఉన్నాను. గాలి పీల్చే చప్పుడు రెండింట్లోనూ ఒకేలా వినిపించేదాకా వదల్లేదు.

ఆయన గాలి కొలిచే మీటరు పెట్టి రెండుసార్లు చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు.

"మా మీటరూ మీ చెవి మాటే చెబుతోందండీ. బోర్డు మీద మీ పేరు ఎలా రాయమంటారు?"