నీలకంఠం యుద్ధతంత్రం

వన్ టౌన్ సందులో బట్టలు కుట్టే నీలకంఠం బక్కపలచని మనిషి, గొంతు మాత్రం పెద్దది. చైనా వియత్నాం మీద పడిన ఏడాది, పేపరు చదివి, మెడలో టేపు సవరించుకుంటూ, "సిన్న దేశం ఎదురెల్లి కొట్టకూడదు బావా. పెద్దోడికి అక్కడ నిలబడ్డమే కష్టమయ్యీలాగ సెయ్యాల" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. ఒక ఉదయం పక్క కొట్టు షావుకారు బియ్యం బస్తాలు తెచ్చి అతని గుమ్మానికి అడ్డంగా వేయించాడు. బేరాలు ఆగిపోయాయి. అడుగుదామని బయల్దేరిన నీలకంఠం ధైర్యం చాలక టీకొట్టు దాకా పోయి, టీ తాగి తిరిగొచ్చేశాడు. భార్య జోగమ్మ కత్తిపీట తెచ్చి, బస్తాల పక్కనే కూర్చుని చేపలు తోమసాగింది. నీచునీళ్లు బియ్యం వైపు పారుతుంటే షావుకారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని కూలీలను కేకేశాడు. మధ్యాహ్నానికి గుమ్మం ఖాళీ అయింది. "గెలిసీసినావు గదా బావా" అన్నాడు టీకొట్టు తవిటయ్య. నీలకంఠం తల గోక్కున్నాడు. "యుద్దం సేసింది మా జోగమ్మ. నాను ఉత్త వార్తల రేడియోని బావా."