అండాలు కప్పిన కొంగు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో అండాలు అనే ఆమె రొట్టెలు చేస్తుంది. కూతురు భానుకు ఐదేళ్లు. రెండేళ్లప్పుడు మొదలైన ఫిట్స్, మూడు రకాల మందులు మార్చినా ఆగలేదు. గలగలా మాట్లాడిన పిల్ల ఒక్కొక్క మాటే పోగొట్టుకుంటూ వచ్చింది.

ఫిట్ వస్తే అండాలు చేసే పని ఒక్కటే. పిల్లను ఒళ్లోకి లాక్కుని, ఎవరి కంటా పడకుండా కొంగు కప్పేస్తుంది. మెట్రో మెట్ల మీదైనా, ఎల్బీనగర్ చౌరస్తాలోనైనా అంతే. పిల్లకు ఫిట్స్ పిల్ల అని పేరు పడుతుందని భయం. వీడియో తీసి చూపించమని డాక్టర్లు అడిగినప్పుడల్లా "మళ్లొస్తే తీస్త సార్" అనేది. తీయలేదు.

చివరికి డాక్టర్ ఉదయలక్ష్మి ఆపరేషన్ మాట ఎత్తారు. మెదడులో ఫిట్ పుట్టే చోటు తెలిస్తే తీసేయవచ్చు. అది తెలియాలంటే మొదలయ్యేటప్పుడు చూడాలి. భానును ఆసుపత్రిలో ఉంచి, తలకు వైర్లు అతికించి, ఎదురుగా కెమెరా పెట్టి, ఫిట్ వచ్చేలా మందు తగ్గించారు.

రెండో రోజు మధ్యాహ్నం ఫిట్ వచ్చింది. అండాలు ఒక్క ఉదుటున కొంగు కప్పేసింది. వైర్లు ఊడిపోయాయి. కెమెరాకు పచ్చ చీర తప్ప ఏమీ దక్కలేదు.

ఆమె భర్త సిద్దిరాములు నెత్తి కొట్టుకున్నాడు. "నీ చీరకు చేస్తరా ఏందే ఆపరేషన్?"

"చెయ్యి దానంతల అదే పోయింది. నేనేం చెయ్యాలె?"

డాక్టర్ కోప్పడలేదు. "ఈసారి మీరు ఆ గోడ దగ్గర నిలబడండమ్మా. పాపని నర్సు చూసుకుంటుంది. ముందు ఏ చెయ్యి కదులుతుందో మాకు కనబడాలి."

మర్నాడు పొద్దున, బిస్కెట్ ప్యాకెట్ చింపబోతూ భాను ఆగిపోయింది. అండాలు చేతులు వెనక్కి కట్టుకుని గోడకు అంటుకుపోయింది. మూడేళ్లలో మొదటిసారి అంతా చూసింది. ముందు కుడి చేతి బొటనవేలు అదిరింది. తర్వాత మూతి ఒక పక్కకు లాగింది. ఆ తర్వాతే ఒళ్లంతా. అండాలు ఏడుస్తూనే ఉంది గాని కదల్లేదు.

చోటు దొరికింది. మెదడులో ఎడమ పక్క, మాట పుట్టే వైపే.

"ఫిట్స్ ఆగే అవకాశం బాగానే ఉంది" అన్నారు డాక్టర్. "మాటలన్నీ తిరిగొస్తాయని మాత్రం చెప్పలేను."

"రెండేండ్లప్పుడే చేస్తే వచ్చేటియా మేడమ్?"

"అంత చిన్నప్పుడైతే మెదడు రెండో పక్క మాటల పని తొందరగా నేర్చుకునేది..."

"నేను వీడియో గప్పుడే తీసుంటే?"

డాక్టర్ కాగితాలు సర్దుకున్నారు. అండాలు సంతకం పెట్టింది.

ఆపరేషనై ఎనిమిది నెలలైంది. మళ్లీ ఫిట్ రాలేదు. ఆకలేస్తే తల్లి చెయ్యి పట్టుకుని లాగుతుంది భాను. నిన్న హాస్టల్ అమ్మాయి మౌనిక వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ! మీ భాను ఇప్పుడే 'బా' అంది! నేను విన్నాను!"

అండాలు పిండి చేతులతోనే బయటికొచ్చి పిల్ల ముందు కూలబడింది.

"బా అంటే ఏంది బిడ్డా? బస్సా? బాపా? జర చెప్పు."

భాను చాలాసేపు ఆలోచించింది. మళ్లీ "బా" అంది.