నా స్ట్రోక్‌కి కారణం ప్రభుదాసు కాదు

ఆ సోమవారం పొద్దున లేచేసరికి మెడకి ఎడమవైపు, చెవి కింద నుంచి తల వెనక దాకా, ఎవరో లోపల పట్టుకుని గుంజుతున్నట్టు నొప్పి. మెడనొప్పి నాకు కొత్త కాదు గానీ ఇది వేరేగా ఉంది. అలాగే మిల్లుకి వెళ్లాను. పత్తి బేళ్ల మీద నంబర్లు చూద్దామని తల ఎత్తితే షెడ్డు మొత్తం ఒక పక్కకి వాలినట్టయింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏమైందని అడిగినవాళ్లతో, “దిండు ఎత్తయింది, మెడ పట్టేసింది” అన్నాను. ఈ జబ్బు గురించి నేను చెప్పిన మొదటి అబద్ధం అదే.

నాకు నలభై ఏడేళ్లు. చిలకలూరిపేట దగ్గర హైవే మీద ఒక జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. మెడలో రక్తనాళం చిరిగి, దాని వల్ల స్ట్రోక్ వచ్చింది. మా మిల్లులో బేళ్లు కట్టే ప్రెస్ దగ్గర పనిచేసే ప్రభుదాసు అనే మనిషి కక్షతో నా మెడ విరిచాడని మా చుట్టుపక్కల చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. వాళ్లు అలా అనుకునేలా చేసింది నేను. అది నిజం కాదు. ఈ జబ్బు వచ్చినవాళ్లకి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. ఆ మాట సరిదిద్దడానికి కూడా రాస్తున్నాను.

ఏడాదిన్నర కిందట నాకు షుగర్ బోర్డర్‌లో ఉందని చెప్పారు. “రోజూ చెమట పట్టేలా ఏదో ఒకటి చెయ్యండి” అన్నారు డాక్టరు గారు. వాకింగ్ మొదలుపెట్టి పది రోజుల్లో మానేశాను. మిల్లుకి కాస్త దూరంలో పాత పత్తి గోడౌన్‌లో ఒక కోచ్ గారు కుస్తీ లాంటి గ్రాప్లింగ్, ఎం.ఎం.ఏ. నేర్పుతున్నారని విని చూడటానికి వెళ్లాను. అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్లవాళ్లు.

“కబడ్డీ ఆడారా?” అని అడిగారు కోచ్ గారు.

“ఆడానండి, కాలేజీ టీములో.”

“అయితే అది మర్చిపోవడానికే మీకు ఆర్నెల్లు పడుద్ది” అని నవ్వారు.

ఆయన ఎందుకలా అన్నారో తర్వాత తెలిసింది. కబడ్డీలో పట్టుబడ్డవాడు ఒంట్లో ప్రాణం ఉన్నంతసేపూ గీత వైపు గుంజుకోవాలి. ఇక్కడ పట్టు బిగిస్తే ఎదుటివాడి ఒంటి మీద చేత్తో రెండుసార్లు తట్టాలి. దాన్ని ట్యాప్ అంటారు. తట్టగానే వదిలేస్తారు, మళ్లీ మొదలు. ఎవరూ నవ్వరు. “ట్యాప్ చేసినోడే రేపు క్లాసుకి వస్తాడు” అనేవారు కోచ్ గారు.

మొదటి నెలంతా వెల్లకిలా పడుకుని నడుము ఎత్తి వెనక్కి జరగడమే. “రొయ్యండీ, రొయ్య! రొయ్య ఎట్టా వెనక్కి పోద్దో అట్టా పోవాలి” అని ఆయన అరిచేవారు. మ్యాట్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి పోయేసరికి నా ఊపిరి అయిపోయేది. చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి మా ఆవిడ సుజాత, “ఈ వయసులో ఎవరితో కొట్లాడొస్తున్నారండీ?” అంటే, జారిపడ్డానని చెప్పేవాణ్ణి. నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పలేదు. అయినా ఒకటి చెప్పాలి. ఆ నెలల్లో నేను సంతోషంగా ఉన్నాను. షుగర్ తగ్గింది, నిద్ర పట్టింది.

ప్రభుదాసుకి ముప్ఫై ఏళ్లుంటాయి. అక్కడ మూడేళ్ల నుంచి నేర్చుకుంటున్నాడు. పగలు మిల్లులో, “ఒరేయ్ ప్రభూ, ఆ బేలు కట్టు చూడరా” అని నేను కేకేసేవాణ్ణి. సాయంత్రం అతను నాకు నేర్పేవాడు. అక్కడా అతను నన్ను సార్ అనే పిలిచేవాడు, నేనూ ఒరేయ్ మానలేదు. నాకు వచ్చిన దాంట్లో సగం అతను నేర్పిందే. అయితే అతనికి ఒక అలవాటుండేది. నేను పట్టులో ఇరుక్కోగానే, ట్యాప్ చేసే అవసరం రాకముందే వదిలేసి, “ఈ రౌండు మీదేనండి” అని లేచేవాడు. క్లాసులో అందరికీ ట్యాప్ చేశాను గానీ ప్రభుదాసుకి ఒక్కసారీ చెయ్యలేదు. పగలు తన మీద పెత్తనం చేసేవాడితో ఓటమి ఒప్పించడం అతనికి ఇబ్బంది. నాకది తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, నాకు బాగుంది కాబట్టి.

ఆ ఆదివారం సాయంత్రం కోచ్ గారు కనిపెట్టారు. “ప్రభూ, నువ్విట్టా వదిలేస్తే ఆయనకేం వస్తది? ట్యాప్ చేసేదాకా పట్టుకో. బిగించొద్దు, ఊరికే అట్టా ఉంచు.”

ఆ రోజే మా మిల్లు లోడింగ్ వాళ్లిద్దరు చూడటానికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నారు. ప్రభుదాసు నా తల కిందికి వంచి మెడ చుట్టూ చెయ్యి వేశాడు.

“ట్యాప్ చెయ్యండి సార్.”

నేను చెయ్యలేదు. గుమ్మం దగ్గర నుంచి ఒకడు, “ఏంది సారూ, ఇరుక్కుపోయారా?” అన్నాడు. రెండోవాడు నవ్వాడు.

“సార్, ట్యాప్ చెయ్యండి. మెడ జాగర్త.”

చెయ్యలేదు.

“చెయ్యండి సార్... వద్దులెండి, వదిలేస్తన్నా.”

అతని చెయ్యి వదులవడం నాకు తెలిసింది. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను. వదులయ్యాక, విడిపించుకున్నట్టు కనపడాలని, ఒళ్లంతా ఒక పక్కకి తిప్పి తల బలంగా లాక్కున్నాను. మెడలో ఏదో కలుక్కుమంది. లేచి, “చూశావుగా” అన్నాను. అతను నా మొహం వంకే చూసి, “మెడ బానే ఉందా సార్?” అని అడిగాడు. “నాకేందిరా” అన్నాను.

సోమవారం సాయంత్రం ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లాను. “దెబ్బేమైనా తగిలిందా? బరువెత్తారా?” అని అడిగారు. వెనక పదిమంది పేషెంట్లు నిలబడి ఉన్నారు. కుస్తీ పట్టానని చెప్పడానికి సిగ్గేసింది. లేదండి అన్నాను. స్పాండిలోసిస్ అయ్యుంటుందని మాత్రలు, మెడకి కాలర్ ఇచ్చారు.

గురువారం పొద్దున స్నానం చేస్తూ కుడి భుజం మీద నీళ్లు పోసుకుంటే వేడి తెలియలేదు. చెంబులోంచి ఆవిరి వస్తూనే ఉంది. అవే నీళ్లు ఎడమ భుజం మీద పోసుకుంటే చురుక్కుమన్నాయి. లేవబోతే గది గిర్రున తిరిగింది. వాంతులు. ఆగని వెక్కిళ్లు. ఎడమ బుగ్గ మొద్దుబారింది. ఉమ్మి కూడా మింగుడుపడలేదు. సుజాతని పిలుద్దామంటే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

మా బావమరిది శ్రీను కారులో గుంటూరు తీసుకెళ్లాడు. సీటీ నార్మల్ అన్నారు. ఎంఆర్ఐలో బయటపడింది. న్యూరాలజిస్ట్ మేడమ్ సుజాతతో చెప్పడం విన్నాను. “లేటరల్ మెడ్యులరీ స్ట్రోక్ అమ్మా. మింగడం, బ్యాలెన్స్ చూసుకునే చోట వచ్చింది.” మర్నాడు యాంజియోగ్రామ్ తీసి, “వెర్టిబ్రల్ ఆర్టరీ డిసెక్షన్. మెడలో రక్తనాళం లోపలి పొర చిరిగింది. అక్కడ క్లాట్ కట్టి పైకి వెళ్లింది. మెడ ఎక్కడైనా మెలిపడిందా?” అని అడిగారు. సుజాతకేం తెలుసు? తెలియదంది.

రెండో రోజుకి శ్రీను మిల్లులో ఆరా తీసుకుని వచ్చాడు. నా ముక్కులో ఆహారం పోసే రైల్స్ ట్యూబ్ ఉంది.

“బావా, ఆ ప్రభుదాసు నీ మెడ పట్టాడంట గదా. మొన్న చర్చి పండక్కి లీవడిగితే నువ్వు కుదరదన్నావంట. అది మనసులో పెట్టుకుని కావాలనే చేశాడా వాడు?”

నాకు స్పృహ ఉంది. ప్రశ్న పూర్తిగా అర్థమైంది. కాదని తల అడ్డంగా తిప్పితే, మరెలా జరిగిందని అడుగుతారు. చూసినవాళ్లు చెబుతారు. తన కింద పనిచేసేవాడికి ట్యాప్ చెయ్యలేక మెడ తిప్పుకున్నాడని మిల్లంతా అంటారు. నేను అవునన్నట్టు తల ఊపాను.

అంతే. మర్నాడే ప్రభుదాసుని మిల్లు నుంచి తీసేశారు. అక్కడే పత్తి ఏరే అతని భార్య కూడా మానేసింది. గొడవలెందుకని గోడౌన్ యజమాని క్లాసు ఖాళీ చేయించాడు. చూసిన ఇద్దరూ సూపర్‌వైజర్ మాటకి ఎదురు చెప్పలేదు.

ఆస్పత్రిలో మూడు వారాలున్నాను. రక్తం పలచబడే మందులు, ఫిజియోథెరపీ. ద్రవాలన్నీ పొడి కలిపి చిక్కగా చేసి, గడ్డం గుండెకి ఆనించి మింగమన్నారు. రెండో వారం ఎవరూ లేనప్పుడు దాహం ఆపుకోలేక గ్లాసుడు మజ్జిగ తాగేశాను. పొలమారి సగం ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆస్పిరేషన్ న్యుమోనియా అన్నారు, మళ్లీ ఐసీయూ. “మింగడం రావడం వేరు, మింగాననుకోవడం వేరు” అని స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి కోప్పడింది.

ఇంటికొచ్చాక కూడా తినేటప్పుడు రోజూ పొలమారేది. చూడటానికి వచ్చిన మా పెద్దమ్మ నా తల మీద తట్టి, “ఎవరో తలుచుకుంటున్నారు నాయనా” అంది. నన్ను తలుచుకునే మనిషెవరో నాకు తెలుసు. ముద్ద పక్కన పెట్టేశాను.

మూడో నెలలో మాట వచ్చింది, బొంగురుగా. ఎడమవైపుకి ఒరిగిపోకుండా నడవడానికి ఇంకో నెల పట్టింది. గొంతు రాగానే నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ప్రభుదాసు పిడుగురాళ్లలో సున్నం బట్టీల పనికి వెళ్లాడని విన్నాను. ఒంట్లో బాగయ్యాక చెబుదామనుకున్నాను. ఒంట్లో బాగవుతున్నకొద్దీ చెప్పడం కష్టమైంది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఎనిమిదో నెల రివ్యూలో యాంజియో మళ్లీ తీసి, రక్తనాళం చాలావరకు మానిందన్నారు మేడమ్. “ఇప్పటికైనా చెప్పండి. అసలెలా జరిగింది? మళ్లీ రాకుండా చూడాలంటే నాకు తెలియాలి.” పక్కన సుజాత ఉంది. మొత్తం చెప్పాను. మేడమ్ రిపోర్టు పక్కన పెట్టారు.

“సోమవారమే ఇది చెప్పుంటే మెడ యాంజియో అప్పుడే తీసేవాళ్లు. మందులు మొదలుపెట్టేవాళ్లు. స్ట్రోక్ ఆగేదని కచ్చితంగా అనలేను. ఆగే అవకాశం మాత్రం ఉండేది.”

తిరుగు బస్సులో పేట దగ్గర పడుతుండగా సుజాత నా వైపు తిరిగింది. “ప్రభుదాసు వాళ్లావిడ మనింటికొచ్చింది తెలుసా? మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. మా ఆయన అట్టాంటోడు కాదమ్మా అని ఏడ్చింది. నేను తలుపేసుకున్నాను” అంది.

శ్రీనుకి చెబితే, “ఇప్పుడెందుకు బావా కదిలించడం? అయిపోయింది గదా” అన్నాడు. మిల్లులో మేనేజరు ముందు, ప్రెస్ వాళ్లందరి ముందు చెప్పాను.  ప్రభుదాసు వస్తే పని ఇస్తానన్నాడు మేనేజరు.

ఆ మాట పట్టుకుని పిడుగురాళ్ల వెళ్లాను. బట్టీ దగ్గర సున్నం దుమ్ముతో కనురెప్పలు కూడా తెల్లబడి ఉన్నాయి ప్రభుదాసుకి. నన్ను చూసి ముందు నా నడక చూశాడు.

“ఎడమపక్క ఇంకా రాలేదా సార్?”

“వచ్చింది ప్రభుదాసూ. కొంచెం తేడా ఉంది.” అతన్ని పూర్తి పేరుతో పిలవడం అదే మొదటిసారి. చేసింది చెప్పాను, తప్పు నాదేనని చెప్పాను, మిల్లులో పని ఉందన్నాను.

“రాను సార్” అన్నాడు. “మిల్లులో చెప్పారు, సరే. మా కాలనీలో ఎవరు చెప్తారు? పాస్టరు గారు నన్ను కూర్చోబెట్టి, నిజం చెప్పు నాయనా, దేవుడు క్షమిస్తాడు అన్నాడు. నేను చెప్పింది నిజమేనండీ అన్నా. పాపం, నా కోసం ప్రార్థన చేశాడు. చెయ్యని పనికి ప్రార్థన చేయించుకున్నా సార్ నేను.”

అతను అరచేతుల సున్నం లుంగీకి తుడుచుకున్నాడు.

“మెడ పట్టులు నేర్పుతుంటే ఎంత జాగర్తగా ఉండేవోణ్ణి! ఇప్పుడు మా పిల్లని ఎత్తుకోవాలన్నా మెడకాడ చెయ్యి పెట్టాలంటే భయమేస్తంది.”

“ఏం చెయ్యమంటావు?”

“రాసియ్యండి. మీ నోటి మాట ఒకసారి మారింది గదా.”

అందుకే రాశాను. దీని కాపీ పాస్టరు గారికి ఇచ్చాను, వచ్చే ఆదివారం చదువుతానన్నారు. నేనూ వెళ్లి వెనక కూర్చుంటాను. ప్రభుదాసు తిరిగి రాలేదు, వస్తాడనీ అనుకోను. గ్రాప్లింగ్ నాకు జీవితంలో ఇక వద్దన్నారు. రోజుకో మాత్ర, పొద్దున నడక. ఇప్పటికీ కుడి చేతికి వేడి తెలియదు, టీ గ్లాసు ఎడమ చేత్తోనే పట్టుకుంటాను.

పెద్ద వయసులో ఇలాంటివి నేర్చుకోవద్దని నేను చెప్పను. మెడ మెలిపడ్డాక కొత్తరకం నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి, ఎలా జరిగిందో చెప్పండి. చెప్పడానికి సిగ్గయితే, జరిగినప్పుడు పక్కనున్న మనిషిని వెంట తీసుకెళ్లండి. డాక్టరు గదిలోకి కూడా తీసుకెళ్లండి.