పక్కగదిలోకి వెళ్ళే మర్యాద

నిజంగా జరిగిన హత్యల్ని కథలుగా రాయడం మొదలుపెట్టింది రచయితలు కాదు, ప్లీడర్లు. ఎవరైనా కాదంటే వాదనకి నేను సిద్ధం. న్యాయశాస్త్రం చదివి, నల్లకోటు ఒక్కరోజూ తొడక్కుండా ఒమాన్‌లోని సలాలాలో సంసారం చేస్తున్నదాన్ని. ఆ మాత్రం హక్కు నాకుంది. పాతకాలం ఫ్రాన్సులో కోర్టుకెక్కినవాళ్ళు తమ వైపు కథని ప్లీడరు చేత రాయించి, అచ్చేయించి ఊరంతా పంచేవారు. జడ్జీ తీర్పు చెప్పేలోపే జనం తీర్పు చెప్పేసేవారు. తర్వాత ఒక ప్లీడరు అలాంటి కేసులన్నీ పోగేసి సంపుటాలుగా వేశాడు. ఆయన తెలివల్లా ఒకటే, చివర ఏమైందో ముందు చెప్పడు. రక్తం చూపించి, పేజీలు తిప్పిస్తాడు.

శుక్రవారాలు నేనూ అదే చేసేదాన్ని. అరబ్బుల ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు, సెలవు దొరికినవాళ్ళు, మా ఫ్లాటుకి వచ్చేవారు. చేపలు కోయడం వాళ్ళ వంతు, కథ చెప్పడం నా వంతు.

ఆ శుక్రవారం కిటికీ అవతల ఖరీఫ్ వానకాలపు తుంపర. నేను చెబుతున్నది ఒక జమీందారు భార్య కథ. ఒంట్లో బాగాలేక మంచం మీదుంటే మరుదులిద్దరూ గదిలోకొచ్చారు. ఒకడి చేతుల్లో విషం గ్లాసు, పిస్తోలు. రెండోవాడి చేతిలో కత్తి. ఎలా చస్తావో నువ్వే ఎంచుకో అన్నారు.

"ఎంచుకోమన్నారా? మర్యాదస్తులేనండీ!" అంది గోదావరామె, వంజరం తల నరుకుతూ.

"నేనైతే పిస్తోలంటా," అంది కత్తిపీట మీదున్న కడపామె. "ఇట్టియ్యి, నేనే కాల్చుకుంటా అని తీసుకోని, వాని పక్కకే తిప్పుతా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె మొగుడిది ఊరి చివర రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీలో లోడింగు పని. అతను ఊరికి తిరిగి వెళ్ళిపోతున్నాడు, ఆమెనీ వచ్చేయమంటున్నాడు. ఆమె రానంది. ఇంకో రెండేళ్ళు ఉంటానని ఇంటి మేడమ్‌కి చెప్పి, ఇక్కడ ఉండడానికిచ్చే బతాకా కార్డు కొత్తది చేయించమంది. అప్పటినుంచి అతను రోజూ ఫోన్ చేసి, గొంతు కోస్తానంటున్నాడు.

కథలో ఆవిడ విషమే తాగింది. వాళ్ళు అటు తిరగ్గానే కిటికీలోంచి దూకింది. తన జడ తనే గొంతులోకి తోసుకుని కక్కుకుంది. ఆడవాళ్ళు నిండుగా ఉన్న ఒక పొరుగింట్లోకి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. వెనకే కత్తివాడు.

"మిగతాది వచ్చే శుక్రవారం," అన్నాను.

"మీ ప్లీడరు బుద్ధి తగలెయ్య!" అంది గోదావరామె.

అప్పుడే బెల్లు మోగింది. కడపామె మొగుడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. చెప్పులు బయటే విడిచాడు.

"అక్కా, దానికి ఈ మధ్య మతి సరిగా లేదు. నిద్రపోదు, ఏందేందో మాట్లాడతాది. మేమిద్దరం రెండు నిముషాలు మాట్లాడుకుంటాం."

మొగుడూ పెళ్ళాల మధ్య ఉండకూడదన్నది మన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేని మర్యాద. చేతులు కడుక్కుని ఒక్కొక్కరే పక్కగదిలోకి వెళ్ళారు. పొయ్యి మీద పులుసు మంట తగ్గించి గోదావరామె కూడా వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

నేను కదల్లేదు. ధైర్యమేమీ కాదు. ఆపేసిన కథలో ఏం జరిగిందో నాకొక్కదానికే తెలుసు. ఆ కత్తివాడూ ఆ పొరుగింటి ఆడవాళ్ళకి ఇదే చెప్పాడు, ఈమెకి పిచ్చి, నేను చూసుకుంటానని. వాళ్ళూ మర్యాదగా తప్పుకున్నారు. వాడు పొడిచి పొడిచి, చివరి పోటుకి కత్తి ఆవిడ భుజంలోనే విరిగింది.

"మాట్లాడు. నేనిక్కడే ఉంటా," అన్నాను.

"ఇది మా ఇంటి విషయం అక్కా."

"ఇది మా ఇల్లు."

అతను నవ్వాడు. నవ్వుతూనే గట్టు మీది ఇత్తడి రోకలి తీసి ఆమె దవడ మీద కొట్టాడు. రెండు పళ్ళు చేపముక్కల్లో పడ్డాయి. రెండో దెబ్బకి నా చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు నొప్పి కన్నా ముందు తెలిసింది. డిగ్రీలు ఆ క్షణంలో ఏ పనికీ రావు. దొరికిన అతని చెవిని పళ్ళతో పట్టుకుని వదల్లేదు. అతను ఆ చెవితోనే నన్ను ఫ్రిజ్ కేసి ఈడ్చాడు. పక్కగది తలుపు బద్దలైనట్టు తెరుచుకుంది. గోదావరామె ఉడుకుతున్న పులుసు గిన్నెతో సహా అతని వీపు మీద కుమ్మరించింది. పడ్డవాణ్ణి అప్పడాల కర్రతో ఒకామె, కుక్కర్ మూతతో ఇంకొకామె బాదారు. వాచ్‌మన్ పైకొచ్చి, రక్షించాల్సింది ఎవర్నో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు.

సాయంత్రానికి రైసూత్ రూముల్లోంచి అందరి ఫోన్లకీ ఒక వాయిస్ మెసేజ్: పెండ్లాంతో మాట్లాడ పోయినోణ్ణి ఆడోళ్ళందరూ కలిసి కాల్చి చంపబోయినారంట. ఫ్రాన్సులో ఇంతపనికి అచ్చుయంత్రం కావలసొచ్చింది. ఇక్కడ బొటనవేలు చాలు.

మర్నాడు అతని రూములో ఉండే తెలంగాణ పెద్దాయన జ్యూస్ డబ్బాలతో మేమిద్దరం ఉన్న ఆస్పత్రికొచ్చాడు. "కేసంటే వాని బతుకు ఖరాబైతది బిడ్డా. ఇద్దర్ని ఒక్కకాడ కూసోబెట్టి మాట్లాడ్తం."

"కూచోను," అంది కడపామె. కట్టుకట్టిన మూతిలోంచి ఆ ఒక్కమాటకి రక్తం వచ్చింది.

పోలీసులు వచ్చేసరికి ఆమె తరఫున చెప్పాల్సిందంతా నేను సిద్ధం చేసుకున్నాను. పెళ్ళితో మొదలు, తొలి దెబ్బ, ఫోన్ల బెదిరింపులు, వరసగా, కోర్టు మెచ్చేలా. పిండికట్టుతో లేచి నిలబడ్డాను.

"నువ్వు బయటుండక్కా," అంది.

"నోరు తెరవలేవు, నువ్వేం చెప్తావే?"

"నీ చెయ్యి సంగతి నువ్వు చెప్పుకో. నా మూతి సంగతి నేను చెప్తా."

కోపం వచ్చింది. అయినా వరండాలో కూర్చున్నాను. వంటింట్లో నేర్చిన అరబ్బీలో ఆమె ముద్దముద్దగా చెబుతుంటే బయటికి వినపడింది. చాలాసేపు చెప్పింది. రాజీ పడతావా అని అడిగినట్టున్నారు. ఒప్పుకోలేదు.

నర్సు నన్ను పిలిచేసరికి ఆమె ఎవరితోనో ఫోన్‌లో ఉంది.

"మా ఇంటి మేడమ్," అంది ఫోన్ దించి, నాకేసి చూసి. "మూతి మానేదాకా డ్యూటీకి రావద్దంట. బతాకా మాత్రం వచ్చేసిందంట."