లోడరమ్మ రెండు వారాల సెలవు

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి లోడరమ్మ అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. పదకొండేళ్ల కిందట రాసిన లోడరు ఇంకా నడుస్తోంది కదా, ఆ పేరు అలా అతుక్కుపోయింది. మొదట్లో ఆవిడకు ముచ్చటగానే ఉండేది. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే ఒళ్లు మండుతుంది.

ఆ కంపెనీ రక్తపరీక్షల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తుంది. నమూనా తీసుకునే చోట ఒక తెర, ఫలితం ఎక్కించే చోట ఇంకో తెర, నెలాఖరున నివేదిక పంపడానికి మరొకటి, ఇలా రెండు వందల పైచిలుకు. అంతా జావాస్క్రిప్టే. అన్నీ ఒక్కసారే దించబోతే బ్రౌజరు మొరాయించేది. అప్పుడు మన లోడరమ్మ ఒక ఉపాయం పన్నింది. ఏ తెర అడిగితే దాని క్లాసును, అంటే ఆ తెరను నడిపే కోడు ఫైలును, అప్పుడే తెచ్చి పెట్టాలి, ఆ పని చేసేదే లోడరు. ఆ క్లాసు పేరు కోడులో ఎక్కడా రాసి ఉండదు. ల్యాబు పేరూ పని పేరూ అతికించి లోడరే అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. పోనీ ఆ వచ్చిన క్లాసులో ఏమైనా ఉంటుందా అంటే, సొంత సరుకు బహు తక్కువ. మిక్సిన్ అంటే ఏ క్లాసులోనైనా కలుపుకునే కోడు పొట్లం. ప్రింటు చేసే పని ఒక మిక్సిన్‌లో, చిత్తుప్రతి దాచే పని ఇంకో మిక్సిన్‌లో ఉంటాయి. కావలసినవాటిని వరసగా తెచ్చి క్లాసులో కలిపేయడమే. రెండు మిక్సిన్‌లలో ఒకే పేరుతో ఫంక్షను ఉంటే వరసలో చివర కలిసినదే చెల్లుతుంది.

ఎంత తెలివి! ఆనాడు మేనేజరు అందర్నీ పిలిచి చప్పట్లు కొట్టించాడు. ఆ తెలివే ఆవిడ కొంప ముంచింది. ఏ క్లాసు ఎక్కడ వాడుతున్నారో వెతికితే దొరకదు, అసలు పేరే లేదాయె. ఏ ఫైలు తీసేస్తే ఏ తెర కూలుతుందో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడకైనా సగం గుర్తు, సగం భయం. కూతురి బళ్లో ఉన్నా ఫోను, పెళ్లిలో ఉన్నా ఫోను. ఒకసారి పన్ను పీకించుకుని, నోట్లో దూది పెట్టుకునే ఒక క్లాసు పేరు చెప్పింది. అవతలివాడికి అర్థమయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇదంతా విప్పేసి పేర్లు తిన్నగా రాసేస్తాను, నాలుగు నెలలివ్వండి" అని మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయనది ఎప్పుడూ ఒకటే పాట.

"నడుస్తోందిగా తల్లీ, ఎందుకు కెలకడం?"

ఇలా ఉండగా, పై అంతస్తులో కొత్త జట్టు కడుతున్నారని తెలిసింది. కొత్త సాఫ్ట్‌వేరట, ఖాళీ ఫోల్డరు నుంచి మొదలట! ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే వెళ్లి మేనేజరు ముందు నిలబడింది.

"నువ్వు పైకి పోతే దీన్నెవరు చూస్తారు?"

"నీటుబాబుకు అంతా నేర్పానండి."

నీటుబాబు అంటే ఆవిడ పక్క కుర్చీ అతను. పెన్నులు కూడా పొడుగును బట్టి పేర్చుకుంటాడు. పనిమంతుడే, కాకపోతే చిందరవందరగా ఏది కనబడినా చెయ్యి ఊరుకోదు.

మేనేజరు క్యాలెండరు కేసి చూశాడు. "సరే, రెండు వారాలు సెలవు పెట్టు. నీకు ఒక్క ఫోను కూడా రాకుండా ఇక్కడ బండి నడిస్తే పైన కుర్చీ నీదే. వచ్చిందంటే మాత్రం ఇక ఆ ఊసెత్తకు."

సెలవన్న పేరే గానీ సుఖమెక్కడ? పది రోజులూ ఆవిడ కళ్లు ఫోను మీదే. అత్తగారు చూసి చూసి అననే అన్నారు. "అలా గుడ్లప్పగించి చూస్తే అదేమైనా పొదుగుతుందా ఏమిటే?"

పదకొండో రోజు పొద్దున, ఇద్దరూ బఠానీలు ఒలుస్తుంటే అది మోగింది. నీటుబాబు. ఎత్తకపోతే పోదూ అనుకుంది. కానీ అవతల ఉన్నవి రోగుల కాగితాలు. ఎత్తింది.

"అక్కా, మేనేజరుకు చెప్పలేదు, నా సొంత ఫోను నుంచి చేస్తున్నా. నెలాఖరు నివేదికలు పోవట్లేదు. ల్యాబులవాళ్లు సేవ్ నొక్కితే సేవ్ అయిందనే వస్తోంది. ఇక్కడికి మాత్రం ఒక్కటీ చేరట్లేదు."

"ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదక్కా, ఒట్టు! రెండు కొత్త తెరలు పెట్టానంతే. వాటిని తీసేసి కూడా చూశా."

"ఆ నివేదికల తెరలో మిక్సిన్‌లు చదువు, పైనుంచి కిందికి."

"ఆర్కైవ్, ఆడిట్, డ్రాఫ్ట్, ప్రింట్."

ఆవిడ బఠానీల పళ్లెం పక్కకు నెట్టింది. "ఆర్కైవ్ చివర్న కదయ్యా ఉండాలి! పైకెలా పోయింది?"

"అదా... గజిబిజిగా ఉన్నాయని ఇంగ్లీషు అక్షరాల వరసలో సర్దాను. రెండో రోజే. అదేం మార్పు కాదుగా?"

ఏమనాలి ఈ మనిషిని! చిత్తుప్రతి దాచే డ్రాఫ్ట్‌లోనూ సేవ్ అనే ఫంక్షను ఉంది, ఆర్కైవ్‌లోనూ సేవ్ ఉంది. ఆర్కైవ్‌ది సర్వరుకు పంపుతుంది, డ్రాఫ్ట్‌ది బ్రౌజరులోనే దాచుకుంటుంది. వరస మారేసరికి డ్రాఫ్ట్‌ది నెగ్గింది. నెలాఖరు దాకా ఆ తెరను ఎవరూ తెరవరు, తెరిస్తే గానీ ఆ క్లాసు దిగదు. తొమ్మిది రోజులు తప్పు చడీచప్పుడూ లేకుండా పడుకుని ఉంది.

"డ్రాఫ్ట్, ప్రింట్, ఆడిట్, ఆర్కైవ్. ఈ వరసలో పెట్టు, మళ్లీ ముట్టుకున్నావో చంపేస్తాను. నివేదికలు ఎక్కడికీ పోలేదు, వాళ్ల బ్రౌజర్లలోనే ఉన్నాయి. తెర మళ్లీ తెరిచి సేవ్ నొక్కమను."

పావుగంటలో నివేదికలన్నీ వచ్చేశాయి. "అక్కా, ఇది బయటపడితే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

"నువ్వు ఫోను చెయ్యలేదు, నేను ఎత్తలేదు. పెట్టెయ్."

సెలవయ్యాక మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. మొహం వెలిగిపోతోంది. "రెండు వారాలు! ఒక్క ఫోను లేదు!" నీటుబాబు నేలచూపులు చూస్తున్నాడు. ఆవిడకు ఆ క్షణాన నిజంగానే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"అదే పైవాళ్లకూ చెప్పాను. నువ్వు లేకపోయినా చెక్కుచెదరకుండా నడిచే సరుకు మన దగ్గరుండగా మళ్లీ మొదట్నుంచీ రాసుకోవడమేమిటి? కొత్తది కూడా నీ లోడరు మీదే కడుతున్నాం. నిన్ననే మొత్తం కాపీ చేసి పెట్టుకున్నారు. నువ్వు పైకెళ్లి దాన్నే చూసుకుంటావు."

ఆవిడ నోరు తెరిచింది. ఫోను వచ్చిందండీ, అది చెక్కుచెదిరిందండీ, అనాలి. పక్కనే, ఉద్యోగం పోతుందన్న నీటుబాబు నిలబడి ఉన్నాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఏమ్మా, సంతోషమేనా?"

"ఎన్ని తెరలండీ అందులో?"

"ప్రస్తుతానికి ఆరు వందలు" అన్నాడు మేనేజరు.

"సంతోషమేనండి" అని, ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.