తప్పు మాటల సూచిక

ఆఫీసులో ఆమెను అందరూ ఎఫ్‌వన్ అక్క అంటారు. మేనేజరూ అంతే. జీతం కాగితం మీద తప్ప ఆమె అసలు పేరు ఆయనకు గుర్తుండదు. ఆసుపత్రుల మందుల స్టోర్లకు సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీ అది. స్టోరు గుమాస్తాకు దారి తోచకపోతే కీబోర్డు మీద ఎఫ్‌వన్ మీట నొక్కుతాడు. అప్పుడు తెరుచుకునే సాయం పేజీలన్నీ ఆమె రాసినవే. అవి చదివినా బోధపడకపోతే కింద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ కూడా ఆమె బల్ల మీదే మోగుతుంది; ఫోన్ చేసేవాళ్లకూ ఆమె అక్కే. అంటే వడ్డించేదీ ఆమే, అరగలేదంటే మందిచ్చేదీ ఆమే.

టైపిస్టుగా చేరి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె తెలుసుకున్నది ఒకటుంది: జనం నోట్లో ఉండే మాట వేరు, పేజీలో ఉండే మాట వేరు. బ్యాకప్‌ను ప్యాకప్ అంటారు. గడువు తీరిన సరుకును చచ్చిన మందులు అంటారు. ఒకాయనకు ప్రింటరు ఎప్పుడూ 'కాగితాల పెట్టె'యే. ఫోన్లో ఎవరు ఏ తప్పు మాట వాడినా ఆమె నవ్వేది కాదు. సాయం ఫైల్లోని అకారాది సూచికలో దాన్ని చేర్చి, సరైన పేజీకి ముడిపెట్టేది. అలా పధ్నాలుగు వందల మాటలు పోగయ్యాయి. కన్న పిల్లలకు పేర్లు పెట్టడానికి కూడా ఇంత శ్రద్ధ చూపలేదని ఆమె భర్త ఎకసెక్కం ఆడతాడు.

ఆ పాత రకం ఫైలుకు ఈమధ్య జబ్బు చేసింది. ఆసుపత్రులు కొత్త కంప్యూటర్లు కొని, ప్రోగ్రామును ఒకదాంట్లో పెట్టి అన్నిట్లోంచీ వాడుకోవడం మొదలుపెట్టాయి. అలా పక్క కంప్యూటరు నుంచి తెరిస్తే ఎడమవైపు సూచిక బాగానే కనబడుతుంది, కుడివైపు పేజీ మాత్రం ఖాళీ. భద్రత కోసమని కంప్యూటరే అడ్డుపడుతుందట. ఫైలును సొంత కంప్యూటర్లోకి కాపీ చేసుకుంటే సరిపోతుంది. అదెలాగో ఆమె వివరంగా రాసింది కూడా, ఆ ఫైల్లోనే. అది తెరుచుకుంటే కదా చదివేది.

పాతదే ఉంచుదామా, బ్రౌజర్లో తెరుచుకునే కొత్త రకానికి మారదామా, శుక్రవారంలోపు తేల్చమన్నాడు మేనేజరు. కొత్తది ఎక్కడైనా తెరుచుకుంటుంది, చేతిలోని ఫోన్లో కూడా. కానీ దాంట్లో అకారాది సూచిక లేదు. వెతుక్కోవడానికి ఒక గడి ఉంటుంది, అందులో సరైన మాట కొడితేనే పేజీ వస్తుంది. పైగా ఇంత గొప్ప సాయం వచ్చాక ఫోన్ లైను దండగని పైవాళ్లు తీర్మానించేశారు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న పెద్దమనిషి ఈమె కుర్చీలో ఒక్క పూట కూర్చుని ఉంటే ఆ మాట అనేవాడు కాదు. ఆమె కాగితం తీసి రెండు వరుసలు గీసింది. బుధవారానికి పాతదానికి పదకొండు మంచి గుణాలు తేలాయి, కొత్తదానికీ పదకొండే. పొద్దున కొత్తది నెగ్గేది, మధ్యాహ్నానికి పాతది. పాతది ఉంచితే తెల్ల పేజీ చూసి గుమాస్తా తెల్లమొహం వేస్తాడు. కొత్తది పెడితే 'చచ్చిన మందులు' అని కొట్టి, ఏమీ దొరక్క, గడువు తీరిన మందును అరలోనే వదిలేస్తాడు. అది ఏ రోగి నోట్లోకి పోతుందో.

ఆ సాయంత్రం ఇంట్లో గోడు వెళ్లబోసుకుంది. భర్త దర్జీ. పాత చొక్కా ఒకదాని కుట్లు విప్పుతూ, సగం అర్థమై సగం కాక విన్నాడు.

"ఇంతకీ ఆ మాటలు ఆ ఫైలువా, నీవా?"

"నావే."

"మరి చొక్కా పారేస్తే గుండీలు కోసుకోకూడదని ఎవరన్నారు?"

మర్నాడు కొత్త దాన్ని మూలమూలలా గాలిస్తే ఒక పట్టిక బయటపడింది. ఎడమ గడిలో జనం వాడే మాట, కుడి గడిలో సరైన మాట; ఎడమది వెతికినా కుడిదాని పేజీయే వస్తుంది. దాని జోలికి ఇంతవరకూ ఎవరూ పోలేదు. శుక్రవారం ఆమె కొత్తదానికే ఓటేసి, రెండు వారాలు గడువడిగి, పధ్నాలుగు వందల మాటలూ ఒక్కొక్కటే కొట్టింది. కొత్త సాయం బయటికి వెళ్లిన రోజే ఆమె బల్ల మీది ఫోన్ తీసుకుపోయారు. అది ఉన్నచోట దుమ్ము పట్టని చదరం మిగిలింది.

అక్కడి నుంచి అసలు అయోమయం మొదలైంది. ఫోన్ లేదు, మోగదు. జనానికి దారి దొరుకుతోందా, లేక దారి తప్పి ఊరుకుంటున్నారా? మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ రెండో సగం ఏమిటో చెప్పినవాళ్లు లేరు.

నెలాఖరుకు కొత్త సాయం నుంచి ఒక జాబితా వచ్చింది, వెతికితే ఏమీ దొరకని మాటల జాబితా. ఆమె ఒక్కో వరుసా చదువుతూ కిందికి జరిపింది. 'చచ్చిన మందులు' లేదు. 'ప్యాకప్' లేదు. అమ్మయ్య అనుకుని మళ్లీ పైకొచ్చింది. మొదటి వరుసలో ఒకే మాట, రెండు వందల పన్నెండు సార్లు: 'అక్క'. దాని కింద 'అక్క ఫోన్'. ఇంకా కింద, ఒకే ఒక్కసారి, 'అక్కా ఉన్నారా'.

ఆమెకు సంతోషమే కలిగింది. వెంటనే ఏడుపూ వచ్చింది. అలవాటు కొద్దీ పట్టిక తెరిచి ఎడమ గడిలో 'అక్క' అని కొట్టింది. కుడి గడిలో సరైన మాట కొట్టాలి. పధ్నాలుగు వందల మాటలకు తడుముకోని మనిషి ఇక్కడ ఆగిపోయింది. కాసేపటికి తన అసలు పేరు కొట్టి చూసింది. అలాంటి పేజీ లేదని వచ్చింది.

దారి తోచక ఎఫ్‌వన్ మీద వేలు పెట్టి, మళ్లీ తీసేసింది. అక్కడ రాసిందంతా తనే కదా.